లంఖణం

మా అత్తగారు అచ్చాయమ్మగారు మనిషి ఒంట్లో వేడిని చేత్తోనే చూస్తారు. అరచెయ్యి కూడా కాదు, దాని వెనకవైపు. నుదుటిమీద ఆ చెయ్యి ఆనించి ఆవిడ ఒక మాటంటే ఇంక దానిమీద అప్పీలు లేదు. ఆ చేత్తోనే పిల్లల్ని పెంచాననీ, కపిలేశ్వరపురంలో సగం మంది పిల్లల జ్వరాలు తగ్గించాననీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, నాకేం? నా కూతురి జోలికి మాత్రం ఆ చెయ్యి రాకుండా ఉంటే చాలని రెండేళ్ళుగా మొత్తుకుంటూనే ఉన్నాను.

నా కూతురు లోహితకి ఎనిమిదేళ్ళు. దానికున్నది మైటోకాండ్రియా జబ్బని హైదరాబాదులో తేల్చారు. ఆ పేరు మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ నోరు తిరగదు. అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "మన ఒంట్లో కణం కణానికీ చిన్న చిన్న పొయ్యిలుంటాయనుకో అమ్మా. తిన్న తిండిని మండించి ఒంటికి బలమూ వేడీ ఇచ్చేవి అవే. మీ పాపకి ఆ పొయ్యిలు సరిగ్గా మండవు" అంది.

అందుకే అది బడి గేటు దాకా నడిస్తేనే సోలిపోతుంది. సాయంత్రానికి కనురెప్పలు బరువెక్కి వాలిపోతాయి. వాటికి మేం అలవాటు పడ్డాం. ఒంటి వేడే మా ప్రాణాలు తోడేది. ఎండలో మనకి చెమట పట్టి ఒళ్ళు దానంతటది సర్దుకుంటుంది. దానికి చెమట సరిగ్గా పట్టదు, ఎండలో పెట్టిన బిందెలా కాగిపోతుంది. తడిగుడ్డతో తుడిచి గాలి తగలనిస్తే కాసేపటికి దిగుతుంది. కడుపు మాడితే మాత్రం ఉల్టా. చల్లబడిపోతుంది. ఒకోసారి జబ్బు చేసినా అంతే, అందరికీ వచ్చే జ్వరం దానికి రాకపోవచ్చు. "చల్లబడితే ఒక్క క్షణం ఆగకండి. ఎప్పుడూ పస్తు ఉంచకండి, ఎప్పుడూ" అంది డాక్టరమ్మ.

ఇదంతా ఇంటికొచ్చి చెప్పాను. మెల్లిగా చెప్పాను, గట్టిగా చెప్పాను, ఏడ్చి చెప్పాను. మా అత్తగారు "ఆయ్, సరేనమ్మా" అనేవారు. ఆ "ఆయ్"కి అర్థం నీ మాట నువ్వు చెప్పేవు, నా పని నేను చేస్తానని. మా ఆయన అక్కగారు సత్యదుర్గ వదిన అయితే మొహం మీదే అనేసింది. "వేణీ, ఆ పిల్ల రోగమంతా నీ థర్మామీటర్లోనే ఉందే. అది తీసి గోదాట్లో పారేస్తే పిల్ల లేచి పరిగెడుతుంది" అంది. అందరూ నవ్వారు. మా ఆయన బాబ్జీ కూడా నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు, మర్చిపోను.

మొన్న మేలో మా తమ్ముడు సాయి కిరణ్ పెళ్ళి. మా పుట్టిల్లు కె.గంగవరం. పొద్దున్నే వాణ్ణి పెళ్ళికొడుకుని చెయ్యాలి. నలుగు పెట్టి మంగళస్నానం చేయించాల్సింది ఆడపడుచుని నేనే. ముహూర్తం రాత్రికి. రోళ్ళు పగిలే ఎండలో, గాడిపొయ్యిల పక్కన, తాటాకు పందిట్లో లోహితని కూర్చోబెట్టలేను. అందుకని పొద్దున్న నేనొక్కదాన్నే వెళ్ళి సాయంత్రం వచ్చి దాన్ని తీసుకెళ్దామనుకున్నాను. మా ఆయన గోదారి లంకలో అరటిగెలలు కొట్టించే పనిమీద ఉన్నారు. పెళ్ళికని సత్యదుర్గ వదిన ముందురోజే దిగింది.

వెళ్ళేముందు అన్నీ అమర్చాను. పెరుగన్నం కలిపి ఒక గిన్నెలో, అటుకుల ఉప్మా ఒక గిన్నెలో, పళ్ళరసం, గ్లూకోజు నీళ్ళు. "అత్తయ్యగారూ, మూడు గంటలకోసారి ఏదో ఒకటి నోట్లో పడాలి. కూలరు కట్టెయ్యొద్దు. అనుమానం వస్తే ఇదిగో థర్మామీటరు, చంకలో పెట్టండి, కూతపెడుతుంది" అని ఆవిడ చేతిలో పెట్టాను.

"ఆయ్, నువ్వెళ్ళమ్మా. నేను లేనా?" అన్నారు.

ఉన్నారు కనకే కదా నా భయం!

మధ్యాహ్నం తమ్ముడి కాళ్ళకి పారాణి పెట్టాక ఫోన్ చేశాను. వదిన ఎత్తింది. "తిందా?" అంటే "తిందమ్మా, శుభ్రంగా తింది. పడుకుంది. నువ్వు నీ తమ్ముడి పని చూసుకో" అంది. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. నేను ఫోన్ పెట్టేసి, చాన్నాళ్ళ తరవాత అమ్మ చేతి పులిహోర స్థిమితంగా తిన్నాను. నేను తింటున్న ఆ వేళకి నా కూతురు అన్నం పెట్టమని ఏడుస్తోందట.

జరిగిందేమిటో తరవాత తెలిసింది. నేనటు గడప దాటగానే వదినకి ముచ్చట పుట్టింది. లోహితకి పట్టులంగా కట్టి, మల్లెమొగ్గలతో పూలజడ కుట్టి, ఫోటోలు బాగా వస్తాయని పెరట్లో కొబ్బరిచెట్ల కిందికి తీసుకెళ్ళింది. కొబ్బరిచెట్టు కింద నీడెంత ఉంటుందో ఈ సీమలో పుట్టినదానికి నేను చెప్పాలా? అలా నించో, ఇలా తిరుగు, నవ్వవే అంటూ పొద్దెక్కేదాకా ఆడించింది. పిల్ల ఎర్రగా కందిపోయి కూలబడింది. అప్పుడు మా అత్తగారొచ్చి నుదుటిమీద చెయ్యి వెనక్కి తిప్పి పెట్టారు.

"అమ్మో, పేలిపోతోంది. జ్వరం!"

ఆ లంగా విప్పేసి తడిగుడ్డతో తుడిస్తే గంటలో పోయేది. కానీ జ్వరమన్నాక ఈ ఇంట్లో ఒకటే శాస్త్రం. లంఖణం. కూలరు కట్టేశారు, చలిగాలి పడదని. కిటికీలు మూసేశారు. రెండు దుప్పట్లు కప్పారు, చెమట పట్టి జ్వరం దిగాలని. చెమటే పట్టని పిల్లకి! మిరియాల కషాయం తప్ప ఇంకేం పెట్టలేదు. పెరుగన్నం అడిగితే జ్వరంలో పెరుగేమిటన్నారు. ఉప్మా అడిగితే రేపు పథ్యం పెడతానన్నారు. నాకు చెప్తే పెళ్ళింట ఏడుపులు మొదలవుతాయని వదిన ఆ అబద్ధం ఆడింది.

నేను ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో పెళ్ళికి మాట్లాడిన కారు ఆగి ఉంది. వదిన పట్టుచీర కట్టుకుని సిద్ధంగా ఉంది. మా ఆయన లంకనించి వచ్చి గడ్డం గీసుకుంటున్నారు. మా అత్తగారు మొహమంతా వెలుగుతో ఎదురొచ్చారు.

"నీకు చెప్పలేదు గానీ, పిల్లకి జ్వరం పేల్చేసిందే. లంఖణం పెట్టేను. మూడింటికల్లా దిగిపోయింది. వెళ్ళి చూడు, ఒళ్ళు మంచులా ఎంత చల్లగా ఉందో! ఏ డాక్టరు దింపుతాడు అంత చప్పున?"

లోపలికి పరిగెత్తాను. పొయ్యిలా ఉక్కపోస్తున్న గదిలో, రెండు దుప్పట్ల కింద, నా కూతురు కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. దుప్పటి వేడిని ఆపుతుంది గానీ లేని వేడిని ఎక్కణ్ణించి తెస్తుంది? "లోహీ" అని కుదిపితే రెప్పలు సగం తెరుచుకుని మళ్ళీ వాలిపోయాయి. థర్మామీటరు ఎక్కడని అరిచాను. దేవుడి గూట్లో, పసుపు కుంకాల పక్కన, పెట్టెలోంచి తియ్యకుండా భద్రంగా పెట్టారు. చంకలో పెడితే తొంభై మూడు చూపించింది.

"చూసేవా, జ్వరం లేదుగా" అంది గుమ్మంలోంచి వదిన. "నిద్రపోయే పిల్లని ఎందుకే లేపుతావు? బయల్దేరు, ఆలస్యం అయిపోతోంది."

మా అత్తగారి చెయ్యి పట్టుకుని లాగాను. అవును, లాగాను. పెద్దావిడ అని కూడా చూడలేదు. ఆ చేతిని తిప్పి, ఆవిడ ఇన్నేళ్ళ గర్వమంతా ఉన్న ఆ వెనకవైపుని, నా కూతురి చంకలో పెట్టి అదిమి పట్టాను.

"ఇదీ జ్వరం. మన పిల్లకి ఇదే జ్వరం. వేడి కాదు, ఇది. ఎన్నిసార్లు చెప్పాను మీకు?"

ఆవిడ చెయ్యి లాక్కోలేదు. అలాగే ఉంచి నా మొహంలోకి చూశారు. ఆ మొహంలో వెలుగు కొంచెం కొంచెంగా ఆరిపోవడం నేను కళ్ళారా చూశాను. జాలి వెయ్యలేదు. అబద్ధమెందుకు, తృప్తిగా కూడా అనిపించింది.

నేను పిల్లని ఎత్తుకుని కారు దగ్గరికి నడిచాను. వదిన అడ్డొచ్చింది. "ఇది పెళ్ళికి మాట్లాడిన కారే. ఆటో పిలుద్దాం. శుభమా అంటూ బయల్దేరుతుంటే ఆసుపత్రి ఏమిటి?"

"వదినా, మీరు పక్కకి జరక్కపోతే నేనేం చేస్తానో నాకే తెలీదు."

జరిగింది. మా ఆయన సగం గీసిన గడ్డంతో మెట్లమీద నించుని, "అమ్మ కావాలని చేసిందా వేణీ" అన్నారు. "కారెక్కుతారా, ఇక్కడే ఉంటారా?" అని అడిగాను. ఎక్కారు. నేను చూడనేలేదు గానీ, ముందు సీట్లో అప్పటికే మా అత్తగారు కూర్చుని ఉన్నారు, చెప్పులు కూడా లేకుండా.

రామచంద్రపురం దాకా పిల్లని నా జాకెట్టు మీద, నా పైట కింద, గుండెకి అంటించుకునే ఉన్నాను. ఒక చెంచాడు గ్లూకోజు నీళ్ళు పెదవులకి అందిస్తే మింగలేదు, పక్కనించి కారిపోయాయి. పొరమారుతుందని ఇంక పొయ్యలేదు. నా పట్టుచీర నిండా చెమట. ఆ చెమటలో సగం దానికి ఇవ్వగలిగితే, నా ఒంటి వేడిలో సగం దానికి ఇవ్వగలిగితే, అని దేవుణ్ణి కాదు, ఎవర్నో తిడుతూ అడిగాను.

పిల్లల ఆసుపత్రిలో డాక్టరుగారు ఫైలు చూసి, సెలైన్లో గ్లూకోజు ఎక్కిస్తూ, "చివరిసారి ఎప్పుడు తింది?" అని అడిగారు.

"పొద్దున్న నేను పెట్టిన ఇడ్లీయే" అన్నాను.

"ఇంతసేపు ఎందుకు ఖాళీగా ఉంచారు?"

నేను మా అత్తగారి వంక చూశాను. చెప్పండి, మీరే చెప్పండి అన్నట్టు. "జ్వరమనుకున్నామండీ. లంఖణం పెట్టేనండీ" అన్నారావిడ. డాక్టరుగారు "ఇంకొంచెం ఆలస్యమైతే మీరు నాకు ఈ మాట చెప్పే పని కూడా ఉండేది కాదమ్మా" అన్నారు. మెల్లిగానే అన్నారు. ఆవిడ తల దించుకుని బయటికి వెళ్ళిపోయారు.

నా తమ్ముడి మెళ్ళో పూలదండ నేను చూడలేదు. ముహూర్తం వేళకి నేను లోహిత పాదాలు నా చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రంతా నేను చేసిన పని ఇంకొకటుంది. మా అత్తగారిని ఏమేం అనాలో మాట మాట కూర్చుకున్నాను. రెండేళ్ళ మాటలు. ఆవిడ చెయ్యి, ఆవిడ "ఆయ్", ఆవిడ కూతురి నవ్వు, ఆవిడ కొడుకు నవ్వు. ఒక్కటి వదల్లేదు. తెల్లారేసరికి పాదాలు వెచ్చబడ్డాయి. నా మాటలూ సిద్ధంగా ఉన్నాయి.

పొద్దున్న లోహిత కళ్ళు పూర్తిగా తెరిచి, "ఆకలేస్తోంది" అంది. ఆ మాట విని ఎవరైనా ఏడుస్తారా? నేను ఏడ్చాను. మా ఆయన ఇడ్లీ పొట్లాలు తెచ్చారు. ఒకటిన్నర ఇడ్లీ తిని, మూతి తుడిపించుకుంటూ అది అడిగింది.

"నాన్నమ్మ తిందా?"

"నాన్నమ్మ సంగతి నీకెందుకు?"

"నిన్న నేను అన్నం పెట్టమని ఏడిస్తే, నువ్వు తినేదాకా నేనూ తిననే అంది. తనూ ఏడ్చింది. అమ్మా, నిన్నట్నించీ నాన్నమ్మ ఏం తినలేదు."

మిగిలిన పొట్లం తీసుకుని బయటికి వెళ్ళాను. మా అత్తగారు వరండాలో బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నారు. పెదాలు ఎండిపోయాయి. నిన్నటి ఉప్మా, నిన్నటి పెరుగన్నం అన్నీ వదిలేసి, పిల్లతో పాటు తనూ లంఖణం ఉన్న మనిషి. ఆ చెయ్యి, అన్ని జ్వరాలు చూసిన చెయ్యి, ఒళ్ళో పడి ఉంది. నాకు కోపం పోయిందనుకుంటున్నారేమో. పోలేదు. ఇంకా పెరిగింది. ప్రేమ లేని మనిషైతే ద్వేషించి ఊరుకునేదాన్ని. ఇంత ప్రేమ పెట్టుకుని నా కూతుర్ని చంపబోయిన మనిషిని ఏం చేసుకోను?

"పిల్ల తిందా?" అన్నారు.

"తింది."

"పథ్యం ఏం పెట్టమన్నారే?"

పళ్ళు బిగించాను. "పథ్యం లేదు. లంఖణం లేదు. ఇంక మన ఇంట్లో ఆ మాట వినపడకూడదు. తిండే దానికి మందు."

ఆవిడ తలూపారు. "ఆయ్" అనలేదు. నా వంక చూడకుండా, "రాత్రినించీ చూస్తున్నాను, నువ్వు నన్నేం అనట్లేదు. అనవే అమ్మా. నాకు భయంగా ఉంది" అన్నారు.

పొట్లం విప్పి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"ముందు తినండి, అత్తయ్యగారూ. నేననేవి వినాలంటే ఒంట్లో ఓపిక ఉండాలి."

ఆవిడ ఆ చేత్తోనే ఇడ్లీ తుంపి నోట్లో పెట్టుకున్నారు. మొదటి ముద్ద గొంతు దిగేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టాను.