తమ్ముడి పక్షం చేరిన తలుపు

వీధిలో ఆ వడ్రంగి నడుస్తుంటే ఆయన చేసిన తలుపులన్నీ వాటంతట అవే తెరుచుకునేవి. గడియ పెట్టినా, తాళం వేసినా అంతే. లోపల అన్నం తింటున్నవాళ్లు "ఆయనగారు వెళ్తున్నట్టున్నారు, ఆ తలుపు కాస్త వేసిరా" అనుకునేవారు. స్నానాల గదులకు మాత్రం ఆయన చేత ఎవరూ తలుపులు చేయించుకునేవారు కాదు.

ఇదివరకు పనికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మాత్రమే వీధుల్లో కనిపించేవాడు. ఇప్పుడు పొద్దస్తమానం తిరుగుతున్నాడు. ఎత్తుకు పెంచి, చేతికి ఉలి ఇచ్చి పని నేర్పిన తమ్ముడు గుట్టుచప్పుడు కాకుండా వర్క్‌షాపు తన పేర రాయించుకున్నాడు. పైగా "అన్నయ్యకి చేతులు వణుకుతున్నాయండీ" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. పక్కింటాయన ద్వారా ఆ మాట విన్న రోజు వడ్రంగి చేతులు చాచి చాలాసేపు చూసుకున్నాడు. వణకడం లేదు. వణికినా బాగుండేది, తమ్ముడు అబద్ధమాడలేదని సరిపెట్టుకునేవాడు.

"ఇంకో చోట పని చూసుకోకూడదూ?" అంది భార్య.

"ఎవరికోసం?" అన్నాడు.

ఒకనాడు ఉండబట్టలేక వర్క్‌షాపుకి బయల్దేరాడు. దాని తలుపు ఆయన చేసిన మొట్టమొదటి తలుపు. అది తెరుచుకుంటే చాలు, తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనకుండా తన బల్ల ముందు నిలబడదామనుకున్నాడు.

వీధి పొడుగునా తలుపులు బార్లా తెరుచుకున్నాయి. అదొక్కటే కదల్లేదు.

"నువ్వు కూడా వాడి వైపేనా?" అన్నాడు చెక్క మీద చెయ్యి వేసి. తర్వాత తట్టాడు.

"ఎవరు?" లోపల్నుంచి తమ్ముడి గొంతు.

వీధి తలుపులన్నీ ధడాధడా తెరుచుకున్న చప్పుడు వాడికి వినపడకుండా ఉంటుందా? తెలిసే అడిగాడు. "నేనురా" అనబోయి, వెనక్కి తిరిగాడు. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తిరిగి వచ్చేటప్పుడు తను ఒక్క తలుపూ చెయ్యని సందులోంచి వచ్చాడు, ఎవరి కంటా పడకూడదని. సగం దారిలో ఒక పాత తలుపు నేలను గీసుకుంటూ మెల్లగా తెరుచుకుంది. లోపల ఒక ముసలావిడ బట్టలు మడతపెడుతోంది.

"ఇది నేను చేసింది కాదమ్మా" అన్నాడు కంగారుగా.

"నాకు తెలియదా? ఇన్నేళ్లలో ఇది తనంతట తాను కదలడం ఇదే మొదలు. దీన్ని ఈడ్చలేక నా భుజం పడిపోతోంది. ఏమయిందో చూడు నాయనా."

చూశాడు. పై బందు ఊడింది, దాని కింద చెక్క పుచ్చిపోయింది.

"పనిముట్లన్నీ తమ్ముడి దగ్గరే ఉండిపోయాయి."

"ఎవర్నయినా అడిగి తెచ్చుకో. నోరు లేదా?"

తమ్ముడి మీద మంట ఇంటికొచ్చినా చల్లారలేదు. అన్నం తిన్నాడు. భార్య కంచం తీయబోతుంటే తలెత్తాడు.

"రేపు నన్ను కాస్త పెందలాడే లేపు. ఎవర్నయినా అడిగి పనిముట్లు తెచ్చుకోవాలి."