పన్నెండున్నరకి తీసిన ఫోటో

మంగళవారం ఉదయం ఆరు గంటలకు బాబురావు ఫోను మోగింది. అప్పటికి అతను రోండాలో ఒక హోటల్ గదిలో ఉన్నాడు. రోండా దక్షిణ స్పెయిన్‌లో కొండమీద కట్టిన పాత ఊరు. భార్య ఎలిజబెత్ స్నానానికి వెళ్ళింది. లోపల నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఫోను చేసింది ఆమె తమ్ముడు రోషన్, బాపట్ల నుంచి.

రాత్రి తొమ్మిదింటికి అమ్మ పోయిందని రోషన్ చెప్పాడు. అన్నం తిని మంచంమీద కూర్చుని మంచినీళ్ళు అడిగిందట. అతను గ్లాసుతో వచ్చేసరికి పక్కకి ఒరిగి ఉందట. అక్కకి చెయ్యాలని రాత్రంతా ఫోను పట్టుకుని కూర్చున్నాననీ, చెయ్యి రాలేదనీ అన్నాడు. ఆ తర్వాత అడగాల్సింది అడిగాడు.

"ఇయ్యాల నాలుగింటికి భూస్థాపన పెట్టుకుందామంటన్నారు సంఘ పెద్దలు. అక్క వస్తానంటే శుక్రవారం దాకా ఫ్రీజర్ బాక్సులో ఉంచుతాం. ఏ సంగతీ నువ్వే చెప్పు బావా."

బాబురావు లెక్కవేశాడు. తిరుగు విమానం బుధవారం మధ్యాహ్నం. ఇండియా వెళ్ళాలంటే చూపించాల్సిన ఓసీఐ కార్డులు నాటింగ్‌హామ్‌లో, బీరువాలో ఉన్నాయి. ఎంత త్వరగా బయలుదేరినా బాపట్ల చేరేది శుక్రవారం. ఇంకో సంగతి కూడా అతనికి గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట మే నెలలో మామగారు పోయినప్పుడు ఎలిజబెత్ కోసం మూడు రోజులు ఉంచారు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. మూత తీసేసరికి మొహం మారిపోయి ఉంది. ఆమె పక్కన అతనే ఉన్నాడు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆమె లైటు వేసుకుని పడుకుంది.

"తను రావడం కుదరదు రోషన్. కానిచ్చెయ్యండి" అన్నాడు.

"అక్కకి ఇప్పుడే చెప్పమాక. ఊరుగాని ఊళ్ళో ఏమైపోద్దో. ఇంటికి చేరాక చెప్పు."

బాబురావుకి ఆ మాటలో వింతేమీ కనిపించలేదు. వాళ్ళ వైపు అందరూ చేసేది అదే. ప్రయాణంలో ఉన్నవాళ్ళకి చావు కబురు చెప్పరు. ఒంట్లో బాగాలేదంటారు, సీరియస్‌గా ఉందంటారు. గుమ్మం ముందు బెంచీలు చూశాక వచ్చినవాళ్ళకే తెలుస్తుంది.

నీళ్ళ చప్పుడు ఆగింది. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఎలిజబెత్ నాటింగ్‌హామ్‌లో వృద్ధుల్ని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో సీనియర్ కేరర్. అక్కడ పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. హోమ్‌లో ఎవరైనా పోతే కుటుంబానికి ఫోను చేసే పని ఆమెది. దానికో పద్ధతి ఉంది. ఏ వేళైనా సరే వెంటనే చెయ్యాలి. ఎదుటివాళ్ళని కూర్చోమనాలి. చనిపోయారన్న మాటే వాడాలి, చుట్టుతిప్పి చెప్పకూడదు. ఆ పనిలో చేరిన ఏడాది ఆమె ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో ఇంట్లో సాధన చేసింది. బాబురావు సిటీ బస్సు నడిపి వచ్చి, యూనిఫాం విప్పకుండానే వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పోయినవాళ్ళ కొడుకుగా నటించేవాడు. ఆమె చెప్పేది. అతను తలవంచుకునేవాడు. నవ్వొస్తే ఆపుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పేది.

ఈ ప్రయాణం కూతురు ఏంజెలినా ఇచ్చిన కానుక. పెళ్ళయి ఇరవై ఐదేళ్ళయిందని, లీడ్స్‌లో చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసిన డబ్బుతో టికెట్లు కొంది. ఎలిజబెత్ డ్యూటీ రోటా మార్పించుకోవడానికి ఇద్దరిని బతిమాలింది. బయలుదేరే ముందు ఆదివారం తల్లికి వీడియో కాల్ చేసి, కొండమీద ఊరికి పోతున్నామని చెప్పింది. కొండమీదైతే ఎక్కడినుంచైనా కనబడుద్దిలే, నాకూ చూపించమని తల్లి అంది. మంగళవారం అక్కడి పెద్ద వంతెనమీదినుంచి ఫోను చేస్తానని ఎలిజబెత్ మాటిచ్చింది.

తొమ్మిదిన్నరకి వాళ్ళు బయటికొచ్చారు. కాఫీ తాగారు, టమాటా గుజ్జు రాసిన రొట్టె తిన్నారు. బాబురావు సగం వదిలేశాడు. బస్సు నడిపేవాడికి సెలవురోజు ఆకలెందుకు అవుద్దని ఆమె ఎగతాళి చేసింది. ఎద్దుల పోరాటాలు జరిగే మైదానానికి వెళ్ళారు. ఇసుక మధ్యలో ఆమె నిలబడితే ఫోటో తీశాడు. అక్కడినుంచి పాత చర్చికి వెళ్ళారు. చివరి వరుసలో ఆమె మోకరించి ప్రార్థన చేసుకుంది. అతను పక్కన నిలబడ్డాడు. బయటికొచ్చాక, అమ్మ మోకాళ్ళ గురించి ప్రార్థించానని చెప్పింది.

సందులో ఒక దుకాణంలో విసనకర్రలు అమ్ముతున్నారు. కరెంటు పోయినప్పుడు అమ్మ అట్టముక్కతో విసురుకుంటుందని, ఒకటి కొంటానంది. నాలుగైదు విప్పి చూసి, ఏది బాగుందని అడిగింది. అతను దగ్గరున్నదాన్ని చూపించాడు. అది తెల్లది.

"తెల్లది అమ్మేం చేసుకుద్ది? రెండు రోజుల్లో మాసిపోద్ది" అని ఎర్రది తీసుకుంది. సంచీ అతనికిచ్చింది.

వంతెన దగ్గరికి పన్నెండుంపావుకి చేరారు. రెండు కొండల మధ్య లోయ, అడుగున సన్నగా నది. ఊరు సగం ఈ పక్క, సగం ఆ పక్క ఉంది. ఆమె కాసేపు పిట్టగోడ పట్టుకుని చూసి, ఫోను తీసి తల్లికి వీడియో కాల్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది.

ఫోను ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటదనుకుంది. రోషన్‌కి చేస్తానంది. అప్పటికే పేరు నొక్కబోతోంది.

బాబురావు సంచీలోంచి విసనకర్ర తీశాడు. ఫట్‌మని విప్పి, మొహానికి అడ్డం పెట్టుకుని, పెళ్ళివారింట అలిగిన వియ్యపురాలిలా నడుం తిప్పుతూ రెండడుగులు వేశాడు. ఇరవై ఐదేళ్ళలో అతను నలుగురిలో అలాంటి పని చెయ్యలేదు. ఎలిజబెత్ ఫోను దించేసింది. పక్కనున్న వాళ్ళు కూడా చూశారు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. అతను కుడిచేత్తో తన ఫోను తీసి ఫోటో తీశాడు.

ఆ తర్వాత ఆమె రోషన్‌కి చేసే సంగతి మర్చిపోయింది.

బుధవారం సాయంత్రం ఐదింటికి నాటింగ్‌హామ్‌లో ఇల్లు చేరారు. ఆమె కోటు విప్పి కెటిల్ పెట్టింది. అతను పెట్టెలు హాల్లోనే వదిలి వంటింట్లోకి వచ్చి, ఆమెను కూర్చోమన్నాడు. ఆమె నిలబడే అతన్ని చూసింది.

"అమ్మకి కొంచెం సీరియస్‌గా ఉందంట" అన్నాడు.

"సీరియస్ అంటే?"

అతను ఆమెకోసం కుర్చీ జరిపాడు.

"మాటతో చెప్పండి. ఈ బల్ల దగ్గర మీ ముందే కదా నేను నేర్చుకుంది."

కెటిల్ మరిగి దానంతటదే ఆగింది. చివరికి ఆమే అంది.

"చచ్చిపోయింది."

అతను తలూపాడు. ఎప్పుడని అడిగింది. సోమవారం రాత్రి. మీకెప్పుడు తెలిసిందని అడిగింది. మంగళవారం పొద్దున ఆరింటికి. భూస్థాపన ఎప్పుడని అడిగితే, అయిపోయిందన్నాడు. రోషన్ అడిగిన సంగతి, తను చెప్పిన జవాబు, మామగారి మొహం, ఆ ఏడాది లైటు, అన్నీ వరసగా చెప్పాడు. ఏదీ దాచలేదు. ఆమె అడ్డం రాకుండా విన్నది.

"నాన్నని చూసి భయపడ్డా. నిజమే" అంది. "భయపడ్డా చూశాగా."

కెటిల్ పక్కకి జరిపి, "ఉంచమనాలో వద్దో నన్నడగాలి. మిమ్మల్ని కాదు" అంది. మెట్లెక్కి వెళ్ళిపోయింది.

శుక్రవారం ఆమె ఒక్కతే ఇండియా వెళ్ళింది. తనూ వస్తానని అతను అంటే వద్దంది. ఏంజెలినా తండ్రికి ఫోను చేసి, మమ్మీకి ముందే చెప్పాల్సింది డాడీ అని ఇంగ్లీషులో అంది. బాపట్లలో తల్లికోసం పెట్టిన ఆదరణ కూడికకి ఎలిజబెత్ ఉంది. విసనకర్ర తల్లి మంచంమీద పెట్టి, మూడో వారంలో తిరిగొచ్చి డ్యూటీలో చేరింది.

ఇంట్లో వంట జరుగుతోంది, మాటలు జరుగుతున్నాయి. పాలు అయిపోయాయని చెప్పేది, చెత్త బిన్ను బయటపెట్టమనేది. అతను క్షమించమని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ విన్నానని చెప్పింది.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె బల్ల దగ్గర కూర్చుని, స్పెయిన్ ఫోటోలు చూపించమంది. బైబిల్లోంచి తల్లి జ్ఞాపకార్థం అచ్చువేసిన కార్డు తీసింది. వెనకవైపు పెన్నుతో కొన్ని టైములు రాసి ఉన్నాయి. అవి రోషన్‌ని అడిగి రాసుకున్నవి.

"అక్కడి టైముకి మూడున్నర గంటలు కలిపితే బాపట్ల టైము. ఒక్కొక్కటీ తీసి టైము చెప్పండి."

అతను మొదటిది తీశాడు. కాఫీ కప్పు. తొమ్మిది నలభై.

"ఒంటిగంటా పది" అంది కార్డు చూస్తూ. "స్నానం చేయించి చీర కట్టారు. పిన్ని కట్టిందంట."

మైదానంలో ఇసుక. పది నలభై.

"రెండూ పది. పెట్టెలో పెట్టారు."

చర్చి మెట్లమీద ఆమె. పదకొండుంపావు. ఇంటి దగ్గర వాక్యం చెప్పడం అప్పుడే అయిపోయిందంది. పదకొండు యాభై దుకాణం ముందు. విసనకర్రలు పట్టుకుని నిలబడింది. అప్పుడు ఇంటినుంచి తీసుకెళ్ళారంది. ఆమె గొంతు మారలేదు. డ్యూటీ మారేటప్పుడు తర్వాతివాళ్ళకి వివరాలు అప్పజెప్పే గొంతు అది.

చివరిది వంతెన. అతను ఫోను బల్లమీద పెట్టేశాడు. ఆమె ఫోను తనవైపు తిప్పుకుని చూసింది. పన్నెండున్నర. కార్డుమీద ఆఖరి గీత నాలుగు గంటలు.

"మన్ను వేస్తన్నారు" అంది. "మీరు నవ్వించారు."

"రోషన్‌కి చేస్తావని..." అన్నాడు.

"తెలుసు."

అతను ఫోను తీసుకున్నాడు. వీటన్నిటినీ తీసేస్తానన్నాడు.

"వద్దు. ఆ రోజుకి నా దగ్గరున్నవి ఇవే. నాకు పంపండి."

అతను ఒక్కొక్కటే పంపాడు. పంపినప్పుడల్లా బల్లమీద ఆమె ఫోను ఒకసారి మోగింది. చివరి ఫోటో దగ్గర ఆగాడు. అందులో లోయ ఉంది, వెనక తెల్ల ఇళ్ళు ఉన్నాయి, నోరు తెరిచి నవ్వుతున్న ఎలిజబెత్ ఉంది. కింద ఒక మూల ఎర్ర విసనకర్ర అంచు, దాన్ని పట్టుకున్న అతని ఎడమచేతి వేళ్ళు పడ్డాయి.

ఆమె షిఫ్ట్‌కి టైమవుతోంది. కోటు వేసుకుని కూడా నిలబడే ఉంది.

అతను పంపాడు. ఫోను మోగింది. ఆమె దాన్ని తీసి జేబులో పెట్టుకుని బస్సుకి వెళ్ళింది.