అలక భాష

కంప్యూటర్‌కి అలగడం నేర్పిన ఘనుడు ఆ ప్రోగ్రామర్. పెళ్లయిన కొత్తలో, సెలవు రోజుల్లో కూర్చుని, సరదాకి ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. దానికి ‘అలక’ అని పేరు పెట్టాడు. అందులో రెండూ రెండూ కూడమంటే యంత్రం కూడదు. "ఏం లేదు" అంటుంది. ఏం లేదంటే ఏదో ఉందనే అర్థం. "ఏమైంది?" అని మూడుసార్లు బతిమాలి, చివర్న "తప్పు నాదే" అని టైపు చేస్తే, "సరే, నీ ఇష్టం" అని సణిగి, అప్పుడు నాలుగు అని చెబుతుంది. ఆ మాటలన్నీ అతని భార్యవే.

ఆఫీసులో అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆవిడే. కళ్లద్దాల దుకాణంలో పని ముగించుకుని వచ్చి, చెప్పులైనా విప్పకుండా దాన్ని బతిమాలుతూ కూర్చునేది. నాకంటే ఇదే నయం, మూడుసార్లకే కరిగిపోతోంది అనేది.

అతను మాత్రం ఆమెను ఒక్కసారైనా బతిమాలిన పాపాన పోలేదు. ఆమె "ఏం లేదు" అంటే చాలు, అచ్చం మన అలకలాగే అని నవ్వేవాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంటే, ఇతను హాయిగా గుర్రుపెట్టేవాడు.

కొన్నేళ్లకు అవే మాటలు టైపు చేయడం అతనికి విసుగనిపించింది. భాషలో చిన్న మార్పు చేశాడు. ఒక సాయంత్రం ఆమె సరదాపడి లెక్క అడిగితే, టక్కున నాలుగు అని వచ్చింది.

"అలగలేదేం?" అంది.

"ఇక ఎవరూ బతిమాలక్కర్లేదు. తప్పు నాదే అని అదే అనేసుకుంటుంది," అన్నాడు గర్వంగా.

ఆమె కాసేపు తెరవైపు చూసి, కంప్యూటర్ మూత మూసేసి, కూర వేడిచేయడానికి వెళ్లింది.

ఆ తర్వాత ఆమె అలగలేదు. ఏమడిగినా సరేననేది. ఇల్లు ప్రశాంతంగా ఉందని మన మహానుభావుడు తెగ మురిసిపోయాడు. అలిగే మనిషికి ఇంకా ఆశ ఉన్నట్టేనని, అదీ పోయాకే ఇల్లు అంత నిశ్శబ్దమవుతుందని అతని బుర్రకు తట్టలేదు.

దుకాణం దగ్గర వేరే గది చూసుకున్నానని ఆమె మెల్లగానే చెప్పింది. కోపం తగ్గితే మనసు మార్చుకుంటుందిలే అనుకున్నాడు. తగ్గడానికి అసలు కోపమంటూ ఉంటే కదా. ఇవాళ ఆమె తమ్ముడు కింద వ్యాన్ తెచ్చి పెట్టాడు.

గుమ్మం దగ్గర ఆమె సంచీ జిప్పు పట్టేసింది. లాగుదామని అతను వంగాడు. యంత్రానికి వేలసార్లు టైపు చేసిన మాట నోటితో అనడానికి అతనికి ముచ్చెమటలు పోశాయి.

"తప్పు నాదే," అన్నాడు.

అని, ఆమె మొహంలోకి ఆత్రంగా చూశాడు. ఏం లేదు అంటుందేమోనని. ఆ ఒక్క మాట అంటే మూడుసార్లు కాదు, ముప్పైసార్లయినా బతిమాలడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఫరవాలేదు," అంది ఆమె వెంటనే, ఎంతో మంచిగా. "చెప్పకపోయినా ఫరవాలేదు."

జిప్పు తనే సరిచేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.