అరువు బర్రె

కోర్టుకెక్కితే ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడంటారు. పరకాల సదానందం మాత్రం ఓడకముందే, గెలవకముందే ఏడుపు మొదలుపెట్టాడు. కూతురు శ్రీహిత ఎవరి దగ్గర పెరగాలన్నదే కేసు. విడిపోయిన భార్య స్రవంతి హనుమకొండలో టైలరింగ్ షాపు పెట్టుకుని, పిల్లను తన దగ్గరే ఉంచుకుంది.

'మా ఇంట్లో పాడి బర్రెలున్నాయి, పిల్ల కల్తీలేని పాలు తాగి పెరుగుతుంది' అని సదానందం వకీలు పాండురంగం పిటిషన్‌లో ఘనంగా రాశాడు. ఆ రాసినందుకూ, ఆ తర్వాత వాయిదాలు నడిపినందుకూ ఫీజు కట్టడానికి సదానందం ఆ బర్రెలనే అమ్మేశాడు. పిల్ల కోసమే కదా అనుకున్నాడు, పిచ్చి తండ్రి!

ఇంతలో ఇల్లు చూసి రిపోర్టు రాయడానికి కోర్టు ఒక ఆఫీసరమ్మను పంపుతోందని కబురొచ్చింది. సదానందం పక్కింటి సారయ్య కాళ్లావేళ్లా పడి, ఒక్కపూటకు బర్రెను అరువు తెచ్చి కొట్టంలో కట్టేశాడు.

ఆఫీసరమ్మ సాయంత్రం దిగింది. ఇల్లంతా తిరిగి చూసి, కొట్టం ముందు కుర్చీ వేయించుకుంది.

“ఏదీ, పాలు పిండు. చూద్దాం.”

కొత్త చేతికి బర్రె చేపదని, పాలు వదలదని, పాడిలోనే పుట్టి పెరిగిన సదానందానికి తెలియదా? తెలుసు. అయినా చెంబు పట్టుకుని కూర్చున్నాడు. పొదుగు నిమిరాడు, బతిమాలాడు. చుక్క పాలు రాలలేదు. పైగా బర్రె లాగిపెట్టి ఒక్క తన్ను తన్నింది.

“నీదేనా ఈ బర్రె?”

“నాదే మేడమ్. జర అలిగింది.”

“నిన్న మీ ఆమె ఇంటికి పోయిన. అక్కడ కుట్టు మిషన్లు గూడ గిట్లనే అలిగినయి,” అందామె. “తనకున్నయి వకీలు ఫీజుకు అమ్ముకున్నదట. ఎవల దగ్గరనో అడుక్కొచ్చి పెట్టింది. ఒక్కదానికీ సూది లేదు.”

సదానందానికి ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే స్రవంతి మీద జాలేసింది. కానీ జాలిపడితే కేసు ఆగదు కదా.

ఇద్దరికీ పిల్లను పోషించే ఆధారం లేదని, అది కుదురుకునేదాకా శ్రీహితను హాస్టల్లో ఉంచమని కోర్టు చెప్పింది.

మొదటి ఆదివారం తండ్రి బత్తాయిలతో, తల్లి సకినాలతో హాస్టల్ గేటు దగ్గర కలిశారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

“మంచిగున్నవా బిడ్డా? ఏడుస్తున్నవా?” అని అడిగాడు సదానందం.

“మంచిగనే ఉన్న బాపూ,” అంది శ్రీహిత సకినం కొరుకుతూ. “ఈడ నన్ను ఎవల దిక్కు ఉంటవని ఎవ్వలు అడుగుతలేరు.”