వెదురు కలిపిన ఊలు

జడల స్వెట్టరుకు ఊలు కావాలని ఎవరొచ్చినా మా షాపు యజమాని నా వైపే చెయ్యి చూపిస్తాడు. పదకొండేళ్లుగా నా పని ఇదే. అల్లికలో కుట్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ జడలా పైకి తేలే ఆ డిజైనును పుస్తకాల్లో కేబుల్ అంటారు, మేం జడ అంటాం. జడ నిలబడాలంటే ఊలులో బిగువుండాలి. లాగితే సాగాలి, వదిలితే మళ్లీ దగ్గరికి రావాలి. గొర్రె ఉన్నికి ఆ గుణం ఉంది. దానికి కాస్త నైలాన్ కలిపినా, యాక్రిలిక్ కలిపినా నష్టం లేదు. అల్పాకా అనే జంతువు బొచ్చో, వెదురు పీచో కలిపిన ఊలు మాత్రం చేతికి వెన్నలా తగులుతుంది, అంతే. జడలకు మామూలు అల్లిక కంటే ఊలు ఎక్కువ పడుతుంది. ఆ బరువుకు స్వెట్టరు కిందికి జారుతుంది, జడలు అణిగిపోతాయి.

ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. కొత్త రకం వచ్చినప్పుడల్లా నాలుగు వేళ్ల పొడవు ముక్క జడతో అల్లి, ఉతికి, అడుగున క్లిప్పులతో రెండు చెంచాలు తగిలించి రెండు రోజులు వేలాడదీస్తాను. యజమాని దాన్ని ఉరికంబం అంటాడు. ఉరికంబం దిగిన ముక్కను కొలిచాకే ఆ ఊలు సంగతి నాలుగు మాటలు మాట్లాడతాను. ఇంత తెలిసినదాన్ని, తెలిసి తెలిసి మా అక్క చేతిలో ఆ వెదురు కలిపిన ఊలే పెట్టాను.

మా అక్క పన్నెండేళ్లు వాళ్ల అత్తగారి మంచం పక్కన కూర్చుంది. అల్లిక అక్కడే అబ్బింది. ఆవిడ పోయిన ఆరు నెలలకు ఒక మధ్యాహ్నం షాపుకొచ్చి, కౌంటరు మీదికి వంగి, పెళ్లిచూపులకొచ్చిన పిల్లలా గొంతు తగ్గించింది.

"ఒక మాట చెప్తాను, నవ్వకు. చేతి అల్లికల వర్క్‌షాపులో మనిషి కావాలట. జడల స్వెట్టరు అల్లి చూపించమన్నారు. ఇల్లు కదిలి ఎక్కడికైనా వెళ్లాలనుందే. ఆ గోడలు చూసి చూసి మనిషిని మొద్దుబారిపోయాను."

నవ్వలేదు. నవ్వినా బాగుండేది. రెండేళ్ల క్రితం అదే ఉద్యోగానికి నేనూ వెళ్లాను. ఆ వర్క్‌షాపు నడిపే ఆవిడ మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంది కాబట్టి అందరూ టేపు మేడం అంటారు. నేను అల్లింది కిటికీ వెలుతురులో పట్టి చూసి, "నీకు ఊలు తెలుసు, చెయ్యి మాత్రం కుదురు లేదు," అని మడతపెట్టి ఇచ్చేసింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమంటారో తెలుసు. పెద్దదానికి చెయ్యి, చిన్నదానికి నోరు అని మా అమ్మ చిన్నప్పటినుంచీ పాడిన పాటే మళ్లీ పాడతారు. ఇప్పుడు ఈ పెద్దది వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటుందన్నమాట. సరే, నోరున్నదాన్ని కదా, నోటితోనే పని కానిచ్చాను.

"ఇది తీసుకెళ్లు. చూసినవాళ్లు చెయ్యి వెయ్యకుండా ఉండలేరు," అని పై అరలోంచి లేత బూడిద రంగు ఊలు దించాను.

అక్క ఒక ఉండ తీసి చెంపకు ఆనించుకుంది. "అబ్బ, ఎంత మెత్తగా ఉందే. ఉతికి చూశావా?"

"చూశాను."

అబద్ధం కాదు. చూశాను. నాలుగు వేళ్ల ముక్క ఆరు వేళ్లయింది. ఆ ముక్క అప్పుడు నా మోకాలికి జానెడు దూరంలో, కౌంటరు సొరుగులో ఉంది. అక్క ఇంకేమీ అడగలేదు. నేను చూశానంటే ఆమెకు అంతే చాలు.

ఐదు వారాలు అల్లింది. ప్రతి ఆదివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లేదాన్ని. మా బావ టీ గ్లాసు అందిస్తూ, "చూశావా మరదలా, మీ అక్క నాకన్నా ఆ సూదులతోనే ఎక్కువ మాట్లాడుతోంది," అనేవాడు.

"మీతో మాట్లాడితే లెక్క తప్పుతుంది, సూదులతో తప్పదు," అనేది అక్క తలెత్తకుండా.

ఆ ఇంట్లో అంత నవ్వు విని ఎన్నేళ్లయిందో. నేనూ నవ్వేదాన్ని, లోపల తేలు కుట్టిన దొంగలా. ఇంకా వీపు భాగమే కదా, వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాను. వచ్చే వారానికి ముందు భాగం సగమైంది. ఆపై వారం, ఇంత అల్లాక ఇప్పుడేం చెబుతాం అనుకున్నాను. ఒకసారి అక్క అల్లిక ఆపి ఊలును వేళ్ల మధ్య నలిపింది. "ఎందుకో చేతికి పట్టు దొరకట్లేదే," అంది. "కొత్త ఊలు కదా, అలవాటవుతుందిలే," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

స్వెట్టరు ఇచ్చొచ్చిన నాలుగో రోజు అక్క ఫోన్ చేసింది. "కుదర్లేదే," అంది. హ్యాంగరుకు తగిలించి మూడు రోజులుంచారట. నాలుగు అంగుళాలు జారిందట, జడలు చదునైపోయాయట. "నా చెయ్యే వదులు. మంచాల పక్కన కూర్చుని అల్లేదానికి ఉద్యోగాలేమిటి చెప్పు," అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ తర్వాత నాకు ముద్ద దిగితే ఒట్టు. ఆ చెయ్యి ఎలాంటిదో నాకంటే బాగా ఎవరికి తెలుసు. ఇరవై వరసల తర్వాత కూడా కుట్టు కుట్టుకూ వెంట్రుకవాసి తేడా రాదు. అలాంటి మనిషి తన చేతినే తిట్టుకుంటోంది. షాపులో ఎవరైనా ఊరికే "ఈ ఊలు మంచిదేనా?" అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

వారం తర్వాత వర్క్‌షాపుకు ఊలు పెట్టెలు పంపాల్సి వస్తే నేనే తీసుకెళ్తానన్నాను. పొడవాటి గది, కిటికీల కింద వరసగా కుర్చీలు. ఒక్కటి ఖాళీగా ఉంది. టేపు మేడం పెట్టెలు విప్పుకుంటుంటే మెల్లిగా అక్క సంగతి ఎత్తాను.

"ఆవిడ మీ అక్కా?" అంది మేడం. "అలాంటి చెయ్యి నేను చూడలేదు. ఆ ఊలు చూసే ఆశ్చర్యపోయాను. ఇది ఎవరు ఏరిచ్చారమ్మా అని రెండుసార్లు అడిగాను. ఎవరో ఇచ్చారంటే వేరే ఊలిచ్చి మళ్లీ అల్లించేదాన్ని. నేనే ఏరుకున్నానండి అంది. జడలకు వెదురు ఏరుకునే మనిషిని పెట్టుకుని నేనేం చేసుకోను?"

అక్క నా పేరు చెప్పలేదు. ఒక్క మాట చెప్పుంటే ఆ కుర్చీ ఆమెది.

"నేనిచ్చానండి," అన్నాను.

మేడం కళ్లద్దాలు పైకి తోసింది. "నువ్వా? ఊలు తెలిసినదానివి, నువ్వెలా ఇచ్చావు?"

నిజం నోటి దాకా వచ్చింది. "పొరపాటైందండి. అరలో పక్కపక్కనే ఉంటాయి, ఒకటనుకుని ఒకటిచ్చాను," అన్నాను. చూశారా, ఒప్పుకోవడానికి వెళ్లి కూడా మరో అబద్ధమే ఆడొచ్చాను.

"అయితే సోమవారం రమ్మను," అంది మేడం.

అటునుంచి అటే అక్క ఇంటికి పరుగెత్తాను. అక్క స్వెట్టరు విప్పేసి, ఊలును కుర్చీ కాళ్లకు చుట్టి, తడిపి, ముడతలు పోయేలా ఆరబెట్టి, చిలపలుగా, అంటే వదులైన చుట్టలుగా పెట్టుకుంది. "మంచి సమయానికొచ్చావు, చేతులు చాపు," అని ఒక చిలప నా రెండు చేతులకూ తొడిగి, ఎదురుగా కూర్చుని ఉండ చుట్టడం మొదలుపెట్టింది. అలా చుడుతుండగానే సోమవారం సంగతి చెప్పాను.

అక్క చెయ్యి ఆగింది. ముఖం విచ్చుకుంది. పన్నెండేళ్లుగా ఆ ముఖం మీద అలాంటి వెలుగు చూడలేదు.

"నువ్విచ్చావని చెప్పేశావా? ఎందుకే?" అంది. "వాళ్లు ఊలు కొనేది మీ దగ్గరేగా, నీ మాట పోతుందని నేనే నా మీద వేసుకున్నాను. పొరపాటు ఎవరికి రాదు? నువ్వు దిగులుపడతావనే నీ దగ్గర ఊలు మాటెత్తలేదు."

అంటే ఆమెకు తెలుసు. ఊలే చెడగొట్టిందని తెలిసి, నా ముందు తన చేతినే తిట్టుకుంది, నేను బాధపడకూడదని. అప్పుడైనా నోరు మూసుకుని ఉంటే అంతా సర్దుకుపోయేది. అక్కకు ఉద్యోగం, నాకు మంచి పేరు. నిజంగా ఆ ఒక్క క్షణం అలాగే అనుకున్నాను. కానీ ఆమె నన్ను చూస్తున్న చూపును నేను భరించలేకపోయాను.

"పొరపాటు కాదక్కా."

"ఏది?"

"ఉతికి, వేలాడదీసి చూశాను. సాగుతుందని తెలుసు. తెలిసే ఇచ్చాను. నేనూ అక్కడికి వెళ్లాను, రెండేళ్ల క్రితం. నన్ను వద్దన్నారు. నువ్వు కూర్చోవడం చూడలేననిపించింది."

అక్క చేతిలోని ఉండను ఒళ్లో పెట్టుకుంది. నా చేతుల మీదున్న ఊలునే చూస్తూ ఉండిపోయింది. లోపల బావ రేడియో పెట్టాడు, మళ్లీ తీసేశాడు.

"ఐదు వారాలు," అంది చివరికి. "ప్రతి ఆదివారం వచ్చి ఎదురుగా కూర్చున్నావు."

"అవును."

"సోమవారం వెళ్తానులే. నా కోసం వెళ్తాను."

తిడుతుందేమోనని తల వంచుకున్నాను. తిట్టలేదు. లేచి, నా చేతుల మీంచి చిలపను చిక్కుపడకుండా జాగ్రత్తగా తీసింది. కుర్చీ ఒకటి లాక్కొచ్చి, దాని వీపుకు తగిలించింది. నావైపు వీపు పెట్టి కూర్చుని మళ్లీ ఉండ చుట్టుకోసాగింది.