అన్నీ పాసైనంక చెబుదాం

నేను సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంక్వైరీ కౌంటర్ దగ్గర కూర్చుంటాను. బండి ఆలస్యమైతే ఆలస్యమని చెప్పడం నా ఉద్యోగం. ఎంత ఆలస్యమో మాకే తెలియనప్పుడు కూడా "లేటే సార్, ఎంతనేది ఇంక తెల్వదు" అని చెప్పాల్సిందే. చెప్పినందుకూ జనం తిడతారు. కానీ చెప్పకుండా కూర్చుంటే తిట్టే తిట్లు వేరు. ఇన్నేళ్ల సర్వీసులో నాకు వంటబట్టిన జ్ఞానం మొత్తం ఇంతే.

నా భార్య స్వర్ణలతకు ఈ కాస్త జ్ఞానమూ లేదు. ఆమె కంపైలర్ ఇంజనీరు, నాకన్నా పదింతలు చదువుకున్నది. అయినా పని సగంలో ఉంటే దాని గురించి ఎవరికీ చెప్పదు. కూర ఉడుకుతుండగా మూత తీసి చూసినా చిరాకు పడుతుంది. "అయినంక చూద్దువు గని, ఫో అవుతలికి" అంటుంది. ఈ అలవాటు ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, సదాశివ సార్ దగ్గర అబ్బింది.

సదాశివ సార్ ఇంజనీరింగ్ కాలేజీలో ఆమెకు పాఠాలు చెప్పినాయన. ఇప్పుడు డెబ్బై దాటాయి, సైనిక్‌పురిలో ఉంటారు. ఆపరేటింగ్ సిస్టం లోపల ఏముంటుందో పిల్లలకు విప్పి చూపించాలని, యూనిక్స్ లాంటిదే చిన్నది ఒకటి ఆయన సొంతంగా రాశారు. మన నల్లాల్లోకి నీళ్లొచ్చే నది పేరే దానికి పెట్టారు, మంజీర అని. రిటైరయ్యాక కూడా ప్రతి గురువారం బస్సెక్కి ఆ కాలేజీకి వెళ్లి మంజీర ల్యాబ్ నడిపేవారు. జీతం లేదు, గీతం లేదు. ఆ ఒక్క పూట కోసం చొక్కా ఇస్త్రీకి ఇవ్వడం, తెప్పించడం, మడత నలగకుండా దాచడం, వారమంతా అదే పని అని వాళ్లావిడ శారదమ్మ గారు ఆట పట్టించేవారు.

క్లాసులో సార్ మాట ఒకటుండేదట. "పూర్తి కాంది నాకు చూపియ్యకు." రాసిన ప్రోగ్రాంలో ఒక్క టెస్టు ఫెయిలైనా గుమ్మంలో నుంచే వెనక్కి పంపేవారు. అన్నీ పాసైతే "సరే" అనేవారు. అంతకు మించి ఒక్క మాట కూడా ఆయన నోటి నుంచి ఎవరూ వినలేదు. లత కాలేజీలో ఫస్టు వచ్చినప్పుడు కూడా "సరే" అనే అన్నారు. ఆ మాట దాటించి ఇంకొక్క మాట అనిపించుకోవాలని దీనికి పట్టుదల. పెళ్లయి ఇంత కాలమైనా ఆ పట్టుదల పోలేదు. నేను వంకాయ కూర బాగుందని పదిసార్లు అన్నా దానికి లెక్క లేదు.

కంపైలర్ అంటే ఏమిటో నాకు ఆమే చెప్పింది. మనిషి రాసిన ప్రోగ్రాంను మెషీన్ భాషలోకి మార్చేది కంపైలర్. ప్రపంచమంతా వాడుకునే ఉచిత కంపైలర్ ఒకటుంది. దేశదేశాల వాలంటీర్లు కలిసి దాన్ని చూసుకుంటారు. దాన్ని కట్టుకునే ముందు, అంటే బిల్డ్ చేసుకునే ముందు, ఏ మెషీన్ కోసం, ఏ ఆపరేటింగ్ సిస్టం కోసం ప్రోగ్రాంలు తయారు చేయాలో చెప్పాలి. దాన్నే టార్గెట్ అంటారు. నా మొహం చూసి, నాకు అర్థమయ్యే భాషలో చెప్పింది. డ్యూటీకి పోయే లోకో పైలట్‌కు ఇంట్లో క్యారియర్ కట్టినట్టట. వండేది మెట్టుగూడ క్వార్టర్లో, తినేది కాజీపేట అవతల. అక్కడ ఏముంటుందో ఏముండదో తెలుసుకుని కట్టాలి.

మా పెళ్లయిన కొత్తలో లత ఆ కంపైలర్‌కు మంజీర సంగతి నేర్పింది. వాలంటీర్లు ఒప్పుకున్నారు. పెద్ద పెద్ద కంపెనీల సిస్టంల పక్కన మంజీర పేరు చేరింది. దాన్ని చూసుకునే బాధ్యత స్వర్ణలతదని కూడా అందులో రాశారు. ఆ రోజు ఇద్దరం మిఠాయి డబ్బా పట్టుకుని సైనిక్‌పురి వెళ్లాం. సార్ కళ్లజోడు పెట్టుకుని ఆ పేరు చదివి, "సరే" అన్నారు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఆ వాలంటీర్ల గ్రూపులో ఒక మెయిల్ వచ్చింది. మంజీరను ఈ మధ్య ఎవరూ వాడుతున్నట్టు కనబడటం లేదు, వాడేవాళ్లుంటే చెప్పండి, లేకపోతే వచ్చే వెర్షన్‌లో తీసేస్తాం అని. వాళ్లలో అదొక పద్ధతి. పలికేవాళ్లు లేని టార్గెట్‌ను ఊరికే మోయరు. ముందుగా అందరి ఎదుటా అడిగి, కొన్ని నెలలు ఎదురు చూసి, తీసేస్తారు.

తీసేస్తే ఏమవుతుందో మా ఇంట్లో ఇద్దరికీ తెలుసు. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ల్యాబులన్నిటిలో కొత్త వెర్షనే పెడతామని కాలేజీ వాళ్లు సార్‌తో అప్పటికే అన్నారు. అందులో మంజీర ఉంటే మంజీర ల్యాబ్ ఉంటుంది, లేకపోతే వేరే సిస్టం చెప్పుకుంటారు. అంటే సార్ గురువారం పోతుంది.

"మేమున్నం అని ఒక్క ముక్క రాసెయ్యరాదు?" అన్నాను.

"ఏం మొకం పెట్టుకొని రాయాలె? కొత్త వెర్షన్ల మంజీర కోసం కట్టి చూస్తే సగం టెస్టులు ఫెయిలైతున్నయ్. ఇన్నేండ్లు పట్టించుకోలే అని నవ్వుతరు."

"నవ్వనీ. ఉన్నవా లేవా అనే కద అడిగిండ్రు?"

"ఆ గ్రూపు సార్ సుత చూస్తరు. సగం పని నలుగుర్ల పెడితే సార్ ఏమనుకుంటరు? అన్నీ పాసైనంక రిజల్ట్స్‌తోని చెబుదాం."

"పోనీ సార్‌కన్న ఫోన్ చెయ్."

"సార్‌కు సగం పని సంగతి చెప్పుడా? నీకు సార్ సంగతి తెల్వదు."

నాకు ఒళ్లు మండింది. బండి ప్లాట్‌ఫారం మీదకు వచ్చాక, "ఇందాకటి దాకా లేటు" అని మైకులో చెప్పేవాణ్ణి ఎవరైనా ఉద్యోగంలో ఉంచుకుంటారా? ఆ మాటే అన్నాను. "మీ బండ్ల సంగతి మీరు చూస్కోండ్రి" అంది. నేను నా డ్యూటీకి పోయాను.

ఎండాకాలమంతా ఆమె ఆ పని మీదే ఉంది. ఆఫీసు నుంచి రావడం, లాప్‌టాప్ ముందు కూర్చోవడం. మా తమ్ముడి కూతురు పెళ్లిలో కూడా భోజనాల టేబుల్ మీద దాన్ని తెరిచి పెట్టుకుంది. వడ్డించేవాడు దాని పక్కనే విస్తరి వేసి పోయాడు. ఫెయిలయ్యే టెస్టులు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒక్కటి మిగిలింది. మంజీర నడిచే చిన్న సర్క్యూట్ బోర్డు మీద తేదీ అడిగితే ఏదో ఏటి తేదీ చెబుతుంది. ఆ ఒక్కటి ఎంతకీ లొంగలేదు. తప్పు ఏ మూలన ఉందో తెలియక లత పరేషాన్ అయిపోయింది.

ఆషాఢం బోనాలు వచ్చాయి. ఉజ్జయిని మహంకాళి జాతర రోజున ఊరంతా డప్పులు మోగుతుంటే లత ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా అరిచింది. నేను తేలో జెర్రో అనుకుని పరుగెత్తాను. తప్పు దొరికింది. కంపైలర్‌ను విడతలు విడతలుగా కట్టాలట. అందులో ఒక విడతలో మంజీర ఫైళ్లు ఎక్కడున్నాయో చూపించే ఆప్షన్ ఒక్కటి ఇవ్వడం మరిచిపోయింది. చూపించకపోతే అది నోరు తెరిచి అడగదు. కట్టే మెషీన్‌లో ఏవి దొరికితే అవే మంజీరవనుకుని పని కానిస్తుంది. తేదీ ఎంత పొడుగ్గా రాయాలో లత లాప్‌టాప్ లెక్క వేరు, మంజీర లెక్క వేరు.

"చెప్పకుంటే అడగదు గద ఇది, ఎవ్వారం తెల్వది" అని దాన్ని తిట్టుకుంటూ నవ్వింది. ఆ సాయంత్రానికి టెస్టులన్నీ పాసయ్యాయి. సేమ్యా పాయసం చేసింది. తర్వాత తీరిగ్గా కూర్చుని, రిజల్ట్స్ జతచేసి మెయిల్ రాయడానికి గ్రూపు తెరిచింది.

ముందు వారమే మంజీరను తీసేశారు.

అయినా లత రాయాల్సిందంతా రాసి పంపింది. తెల్లారి జవాబు వచ్చింది. ఎక్కడో మంచు దేశంలో ఉన్న వాలంటీరు, చాలా మర్యాదగా రాశాడు. మీ పని ఎంతో బాగుంది, మాకు కూడా బాధగా ఉంది, ఫిబ్రవరిలో ఉన్నామని ఒక్క వాక్యం రాసి ఉంటే తీసేవాళ్లం కాదు, టెస్టులన్నీ పాస్ కావాలని మేము అడగలేదు కదా అన్నాడు. ఈ వెర్షన్‌కు గడువు దాటిపోయిందట. మళ్లీ చేర్చాలంటే కొత్త టార్గెట్ లాగా మొదటి నుంచి రావాలట.

"నేను చెప్పలేదా" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. లత మొహం చూసి మింగేశాను.

ఆదివారం స్కూటర్ మీద మల్కాజిగిరి, నేరేడ్‌మెట్ మీదుగా సైనిక్‌పురి వెళ్లాం. దారంతా సన్నటి వాన. లత వెనక కూర్చుని లాప్‌టాప్ బ్యాగును తన కొంగుతోనే కప్పుకుంది. శారదమ్మ గారు మమ్మల్ని చూసి సంబరపడి, సర్వపిండి చేస్తానని వంటింట్లోకి వెళ్లారు. సార్ ముందు గదిలో కుర్చీలో ఉన్నారు. బల్ల మీద మంజీర బోర్డు దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది.

"సార్, మంజీరను తీసేసిండ్రు" అంది లత, నిలబడే.

"తెలుసు. కూసో."

"ఫిబ్రవరిల మెయిల్ వచ్చింది సార్. నేనే జవాబియ్యలే."

"ఫిబ్రవరిల్నే చూసిన. అది వచ్చిన దినమే చూసిన."

నేను ఆగలేకపోయాను. "మరి మీరన్న ఒక్క ముక్క రాయొచ్చు కద సార్?" అన్నాను.

సార్ నా వైపు తిరిగారు. "బాధ్యత ఆమెదని అండ్ల రాసి ఉన్నది. ఆమె పేరుండంగ నేను ముంగట్కి పోయి రాస్తే ఏమైతది? ఆమెకు చాతకాలే, ముసలాయన వచ్చి చెప్పిండు అనుకుంటరు. రోజు పొద్దున లేవంగనే చూసెటోణ్ణి. ఇయ్యాల రాస్తది, రేపు రాస్తది అనుకుంట."

"నాకు ఫోనన్న చేస్తే పోయేది సార్" అంది లత.

"తొందర పెట్టినట్టైతదేమో అనుకున్న."

ఇద్దరి మీదా నాకు పట్టరానంత కోపం వచ్చింది. ఒకరికొకరు ఇంత మర్యాద ఇచ్చుకోకపోయినా బాగుండేది. కాస్త మర్యాద తక్కువైన మనుషులైతే ఫిబ్రవరిలోనే పని అయిపోయేది.

"టెస్టులు ఎట్లున్నయ్?" అని అడిగారు సార్.

"అన్నీ పాసైనయ్ సార్. ఒక్కటి సుత ఫెయిల్ లేదు."

"తే, చూపియ్యి."

ఆయన కళ్లజోడు తుడుచుకుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, మొదటి నుంచి చదవడం మొదలు పెట్టారు. పై పైన చూడలేదు. వరుస వెనక వరుస చదువుకుంటూ పోయారు. తేదీ టెస్టు దగ్గర వేలు పెట్టి "ఇదెక్కడ పట్టినవ్?" అన్నారు. లత చెప్పింది. ఆయన తల ఊపుతూ విని, చివరిదాకా చదివి, లాప్‌టాప్ మెల్లిగా మూసి లత చేతికిచ్చారు.

"మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నారు. "శాన మంచిగ చేసినవ్."

ఇన్నేళ్లుగా ఆమె ఎదురు చూసిన మాట అది. ఆ మాట వినగానే లత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపు సంతోషానిది కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ మాట వదులుకుంటే మంజీరను ఉంచుతానని దేవుడు బేరం పెడితే లత ఆ క్షణాన ఒప్పుకునేదే.

సార్ బోర్డు దీపం వైపు తిరిగారు. "పూర్తి కాంది చూపియ్యకని నేనే అంటుంటి. నువ్వు గింత గట్టిగ పట్టుకుంటవని తెల్వకపాయె" అన్నారు. ఆ తర్వాత వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "కాలేజోళ్లు మొన్న ఫోన్ చేసిండ్రు. ఈ గురువారం కెల్లి రానక్కర లేదన్నరు. ఇంట్ల ఇంక చెప్పలే."

అప్పుడే గేటు దగ్గర ఇస్త్రీ అతని కేక వినబడింది. శారదమ్మ గారు పిండి చేతులు తుడుచుకుంటూ లోపలి గదిలోకి వెళ్లి, సార్ తెల్ల చొక్కా చంక కింద పెట్టుకుని వచ్చారు.

"గురువారం చొక్కా ఇయ్యాల్నా ఏంది? వానలకు బొగ్గు జల్ది అంటుకుంట లేదంటున్నడు, ఇయ్యాలనే ఇస్తే నయం" అన్నారు.

సార్ లత వైపు చూశారు. లత సార్ వైపు చూసింది.

"అడుగుతున్న కద, చెప్పరేంది?" అన్నారామె నవ్వుతూ.

బయట ఇస్త్రీ అతను మళ్లీ పిలిచాడు. నేను కుర్చీలో నుంచి లేచాను.

"వద్దమ్మా, ఇయ్యకండ్రి" అన్నాను. "సార్ ఈ గురువారం పోతలేరు."