పెద్దోని పేరు

"పలికేది వాడైనా పిలిచేది మేము గదమ్మా. నా నోట్లో తిరగని పేరు పెట్టుకోని ఏం చేస్తావు?" అంది జయలక్ష్మమ్మ, చేటలో కందిపప్పు చెరుగుతూ. పొద్దున్నుంచి ఆమె ఆ మాట అనడం ఇది మూడోసారి.

"తిరుగుతాదిలేమ్మా. నాలుగు దినాలు పిలిస్తే అదే తిరుగుతాది" అంది జాహ్నవి. మంచం మీద గోడకానుకుని కూర్చుని ఒళ్లో బిడ్డను చూసుకుంటోంది. తల్లి వైపు తిరగలేదు.

నంద్యాలలో ఆ పుట్టింట్లో జాహ్నవికి కొడుకు పుట్టి పద్దెనిమిది రోజులైంది. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టి తొట్లెలో వెయ్యాలి. అత్త సుగుణమ్మ మనవడికి నీళ్లు పోయడానికని ఆళ్లగడ్డ నుంచి వచ్చి వారమైంది. వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఇదే గొడవ. ఐర్లాండులో కార్క్ అనే ఊళ్లో జాహ్నవి భర్త కిరణ్‌కు మందుల కంపెనీలో పని. భార్యాభర్తలు అక్కడే ఉంటున్నారు. కాన్పుకు మాత్రం ఇక్కడికే వస్తానని పట్టుబట్టి జాహ్నవి ఆరో నెలలోనే వచ్చేసింది. అంతగా ఈ గడ్డ కావాలని వచ్చిన పిల్ల, బిడ్డకు ఆ దేశపు పేరే పెడతానని ఎందుకు మొండికేసిందో ఎవరికీ అర్థం కావడం లేదు.

"వదినా, ఆ దేశం పేరే కావాలంటే ఇంకోటి చూడు. డేక్లన్ అంటే జలుబు మాత్ర పేరు మాదిరి ఉండాది" అంది సుష్మ. సుగుణమ్మ కూతురు. పేరు పెట్టే పండగకని ముందే వచ్చింది.

జాహ్నవి నవ్వలేదు. "అదే కావాల."

"ఎందుకో చెప్పు పోనీ."

"మామ మహానందయ్య అని పెట్టమంటాండాడు గదా. ఎందుకని ఆయన్ని ఎవరన్నా అడిగినారా?"

"మా మామ పేరమ్మా అది. అడిగేదేముండాది?" అంది సుగుణమ్మ. కోపంగా అనలేదు, కానీ మాట గట్టిగానే వచ్చింది.

కిటికీ దగ్గర కుర్చీలో కిరణ్ ఫోన్ చూస్తున్నాడు. ఆ తెర ఎప్పుడో ఆరిపోయి ఉండడం సుగుణమ్మ గమనించింది. నల్లటి అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు వాడు.

మర్నాడు పొద్దున పెరట్లో పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద వేసుకుంది సుగుణమ్మ. ఆముదం రాసి, శెనగపిండితో రుద్దింది. నీళ్లంటే ఏడవని బిడ్డ వాడు. చెంబు వంచిన కొద్దీ కళ్లు పెద్దవి చేసి చూస్తాడు. జాహ్నవి పక్కన నిలబడి వేడినీళ్లు అందిస్తోంది.

"నా బంగారు నాయనా, తొలిచూలు బిడ్డవు. ముత్తాత పేరు నిలబెట్టేవాడివి నువ్వు గాక ఇంకెవరు" అని రాగం తీసింది సుగుణమ్మ.

జాహ్నవి చేతిలో చెంబు కింద పెట్టింది.

"తొలిచూలు కాదత్తా."

సుగుణమ్మ చెయ్యి బిడ్డ వీపు మీద ఆగిపోయింది. రెండేళ్ల కిందటి సంగతి అది. అక్కడే, ఎనిమిదో నెలలో, కడుపులో బిడ్డ కదలడం మానేశాడు. కిరణ్ ఫోన్ చేసి చెప్పినప్పుడు తను ఏమందో సుగుణమ్మకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. పేరు పెట్టని బిడ్డ మన లెక్కలోకి రాదు, కండ్లనీళ్లు పెట్టుకోవద్దని చెప్పు, మళ్లీ కడుపు పండుతాది. అందరూ అనే మాటే అంది. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తకపోవడమే కోడలికి మేలనుకుంది.

"బిరబిరా పొయ్యమ్మా, బిడ్డకు చలేస్తాది" అంది మెల్లగా.

నీళ్లు పోస్తూనే చెప్పింది జాహ్నవి. "ఆడ ఆస్పత్రిలో కాగితం మీద పేరు రాయల్లన్నారు. మనకు ఇరవై ఒకటో దినం గదా పేరు, నేనేం అనుకోలేదు. కిరణ్ బయట మీకు ఫోన్ చేస్తాండాడు. మోరీన్ అని, కాన్పు చేసిన నర్సు, పెద్దావిడ. నా పక్కన కూర్చోని, పేరు లేకుండా బిడ్డను పంపేది నాకిష్టం లేదు, నీకు బాధ లేదంటే మా నాయన పేరు ఇస్తా అనింది. వాళ్ల నాయన పడవలు చేసేవాడంట. ఆయమ్మకు కొడుకుల్లేరు. ఇంకెవరికీ పెట్టుకోలేదంట ఆ పేరు."

"డేక్లనా?"

"ఊ."

చెయ్యి తుడుచుకుని ఫోన్‌లో ఫోటో తీసి చూపించింది. పచ్చగడ్డిలో జానెడు సమాధి రాయి. దాని మీద రెండు వరుసల ఇంగ్లీషు అక్షరాలు. పక్కన ఎవరో పెట్టిన ఉన్ని టోపీ, వానకు తడిసి ఉంది.

"ఇన్ని దినాలు చెప్పలేదేందీ నువ్వు?"

"ఎవరడిగినారత్తా?"

సుగుణమ్మ బిడ్డ తలను పైట కొంగుతో తుడిచింది.

"సీమంతంలో అందరూ తొలి కాన్పు, తొలి కాన్పు అంటాంటే నవ్వుతా కూర్చున్యా. ఆ పేరు పెట్టి వాణ్ణి ఎవరూ పిలవలేదు. కాగితం రాసేటప్పుడు మోరీన్ పలికింది, ఒక్కసారి. ఈ బిడ్డకు పెడితేనన్నా ఆ పేరు ఇంట్లో దినాం వినబడతాది గదా అని." అంతవరకు చెప్పి, బిడ్డను తువ్వాలులో అందుకుని లోపలికి వెళ్లిపోయింది.

సుగుణమ్మ లేచి తడి పీటను గోడకు ఆనించి పెట్టింది. తర్వాత చీర మార్చుకుని, ఆ ఫోటోను కిరణ్ చేత తన ఫోన్‌కు పంపించుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది.

రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఆమె మొగుడు మద్దిలేటి నంది విగ్రహానికి కళ్లు దిద్దుతున్నాడు. నలభై ఏళ్లుగా ఆయన చేస్తున్నది రాతి పనే. తలగుడ్డ, కనురెప్పలు, మీసం అన్నీ రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. పెళ్లాన్ని చూసి ఉలి కింద పెట్టాడు.

"ఏమే, బిడ్డ బాగుండాడా?"

"బాగుండాడు." ఆమె బోర్లించిన గంప మీద కూర్చుని, ఎక్కడా ఆగకుండా మొత్తం చెప్పింది. చివర్న ఫోటో ఇచ్చింది.

ఆయన చేతులు పంచెకు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. వేళ్లతో ఫోటోను పెద్దది చేసి అక్షరాల మీదుగా చూపు నడిపించాడు. ఇంగ్లీషు చదవలేడు కానీ, దాతల పేర్లు ఆ అక్షరాల్లో వందలు చెక్కాడు.

"మిషన్‌తో కొట్టిండారు. లోతు బాగుండాది. వానకు పోదు" అన్నాడు. కొంచెం ఆగి, "ఇంత చిన్న రాయి నేనెప్పుడూ చెక్కలే" అన్నాడు.

పక్క షెడ్డులో గ్రైండరు మోగి ఆగింది.

"అయితే ఆ పేరే పెట్టమందామా బిడ్డకు?" అంది సుగుణమ్మ.

మద్దిలేటి షెడ్డు మూలకు చూశాడు. అక్కడ నాలుగు నల్లరాతి పలకలు గోడకు చేరవేసి ఉన్నాయి. పేర్లు చెక్కించుకుని, ఏ కారణం చేతనో తీసుకుపోనివాళ్లవి. ఒకటైతే పన్నెండేళ్లుగా అక్కడే ఉంది.

"వాటిని చెక్కేసి ఇంకొకరికి అమ్ముకోవచ్చు గదా అని నువ్వే ఎన్నోసార్లు అడిగినావు. అమ్మితినా? పేరు పడినాక ఆ రాయి వాళ్లది. వాళ్లు రాకపోయినా వాళ్లదే." గొంతు సవరించుకున్నాడు. "డేక్లన్ అనేది పెద్దోని పేరు. వానికుండేది అదొక్కటే. అది కూడా తీసి చిన్నోనికిస్తే వానికేం మిగుల్తాది?"

"మరి మీ నాయన పేరు?"

"మా నాయనకేం తక్కువ? ఇల్లుండాది, గోడకు ఫోటో ఉండాది, నేనుండా." కాస్త కష్టంగానే అన్నాడు. ఆ పేరు కోసం ఆయన ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నాడో ఆమెకు తెలుసు. "అన్న పేరు ఒక తావుది, తమ్ముని పేరు ఇంకో తావుది అయితే అన్నదమ్ములని ఎట్ల తెలుస్తాది? ఆ నర్సమ్మనే అడగమను, చిన్నోనికి ఒక పేరు చెప్పమని. మనకు నోరు తిరిగేది చెప్పమను, అంతే."

సాయంత్రానికి నంద్యాల చేరి, కోడలినీ కొడుకునూ గదిలోకి పిలిచి తలుపు చేరవేసి ఆ మాట చెప్పింది సుగుణమ్మ. జాహ్నవి కిందికి చూస్తూ విన్నది.

"అట్లయితే వాని పేరు మళ్లీ ఎవరూ పలకరు గదత్తా."

"నేను పలుకుతా. ఇంటిల్లిపాదీ పలికేటట్ల చేసే పూచీ నాది."

జాహ్నవి అప్పుడు ఏడ్చింది. వద్దనలేదు సుగుణమ్మ. రెండేళ్ల కిందట వద్దని ఫోన్‌లో చెప్పి పంపిన ఏడుపు అది. ఈసారి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

మోరీన్ మర్నాటికి ఐదు పేర్లు పంపింది. వాటిని కిరణ్ చదువుతుంటే సుగుణమ్మ ఒక్కొక్కటే నోట్లో తిప్పి చూసింది. రెండు గొంతులోనే ఆగిపోయాయి. ఒకటి తిట్టులాగా ఉంది. నాలుగోది రోనన్. సముద్రంలో ఈదే సీలు అనే జంతువు పిల్లను వాళ్లు అట్లా పిలుస్తారని రాసింది మోరీన్.

"నీళ్లు పోస్తే ఏడవడు గదా, సరిపోయిండాది" అంది సుగుణమ్మ. జాహ్నవి నవ్వింది. ఎన్నాళ్లకో విన్న నవ్వు అది.

ఇరవై ఒకటో రోజు పొద్దున హాల్లో తొట్లె కట్టారు. మద్దిలేటి తెల్లచొక్కా వేసుకుని తొలి బస్సుకే వచ్చాడు. పీటల మీద కిరణ్, జాహ్నవి, ఒళ్లో బిడ్డ. ముందర పళ్లెంలో పరిచిన బియ్యం. వెనకాల జయలక్ష్మమ్మ, సుష్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు.

అయ్యవారు సంకల్పం చెప్పబోతూ అలవాటుగా అడిగాడు. "ప్రథమ పుత్రుడే గదమ్మా?"

"ఆ, తొలిచూలే సామీ" అంది జయలక్ష్మమ్మ.

"కాదు సామీ" అంది సుగుణమ్మ. గొంతు పెంచలేదు. "రెండోవాడు."

జయలక్ష్మమ్మ ఏదో అనబోయి, కూతురి ముఖం చూసి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుష్మ అన్న వైపు చూసింది. అయ్యవారు తలవంచి, సరేనన్నట్టు అక్షింతలు పక్కకు జరిపాడు.

కిరణ్ ఉంగరం వేలితో బియ్యం మీదికి వంగి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తల్లి వైపు చూశాడు.

"పైన పెద్దోని పేరు రాయి నాయనా, డేక్లన్ అని. దాని కింద ఈని పేరు, రోనన్" అంది సుగుణమ్మ. తర్వాత అందరి వైపు తిరిగింది. "ఈ ఇంట్లో మనవళ్లు ఇద్దరు. మేమూ, వాళ్లమ్మా నాయనా కలిసి ఖాయం చేసిన పేర్లు ఇవి. పిలిచేటప్పుడు ఇద్దర్నీ పిలవండి."